బాపు రాసిన ఉత్తరంలో యుద్ధం ఏది?



1971 డిసెంబరు నెల. మా ఊరు వరంగల్ నుంచి పరకాల పోయే దారిలో ఉంటుంది. అప్పుడు నాకు పదేళ్లు. మా వాడకట్టులో చదువొచ్చిన ఆడవాళ్లు లేరు. చదువొచ్చిన ఇద్దరు ముగ్గురు మగవాళ్లు తెల్లారితే పొలం కాడికి పోయేవారు. అందుకని ఏ ఇంటికి జాబు వచ్చినా చదివి చెప్పే పని నాకు పడేది. కూలి కింద ఒక్కో ఇంట్లో ఒక్కోటి పెట్టేవారు. ఒకచోట గుడాలు, ఇంకోచోట బెల్లం ముక్క.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక చిన్నమ్మ ఉండేది. రక్త సంబంధం కాదు, వరసకు చిన్నమ్మ. ఆమె పెనిమిటి మిలిట్రీలో ఉండేవాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివిన మనిషి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు. అందుకే ఆయన ఉత్తరంలో ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కకు జరిగి ఉండేవి. ఆ రాత చదవడం మా ఊళ్లో నాకొక్కడికే అలవాటైంది. వాళ్లకు ఆరేళ్ల బిడ్డ. నేను చదువుతుంటే తల్లి ఒడిలో కూర్చుని, నా నోటి వంక కాదు, కాగితం వంక చూసేది.

యుద్ధం మొదలైన తర్వాత వచ్చిన మొదటి ఉత్తరం నాకు బాగా గుర్తుంది. సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందర రేడియో చుట్టూ ఊరంతా నిలబడి వార్తలు వింటున్న రోజులవి. విశాఖపట్నం దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందన్న వార్త విని మా పెద్దలు రాత్రి పొద్దుపోయేదాకా అరుగుల మీదనే మాట్లాడుకున్నారు. అలాంటి రోజుల్లో యుద్ధంలో ఉన్న మనిషి దగ్గర్నుంచి జాబు వచ్చిందంటే, మా వాకిలి దాకా జనం వచ్చారు. నేను గొంతు సవరించుకుని చదివాను.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. చలి బాగా ఉన్నది. వడ్లు ఎన్ని బస్తాలైనవి? బర్రె ఈనిందా? బిడ్డను బడికి తోలుతున్నవా? అమ్మ దగ్గు తగ్గిందా? నా గురించి రంది పడొద్దు. అంతే. సంతకం.

“ఇంకేం రాయలేదా బిడ్డా? ఎనకకు తిప్పి చూడు,” అన్నది చిన్నమ్మ. తిప్పి చూశాను. ఫీల్డు పోస్టాఫీసు ముద్ర ఉంది. ఆ ముద్రలో అంకెలే తప్ప ఊరి పేరు ఉండదు. మనం తిరిగి రాయాల్సిన చిరునామాలో కేరాఫ్ 56 ఏపీఓ అని ఉంటుంది. ఆ చిరునామా చూసి దళం ఏ కొండ మీద ఉందో, ఏ నది ఒడ్డున ఉందో ఎవరూ చెప్పలేరు. వాకిట్లో నిలబడ్డ జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అప్పుడు ఆ ఆరేళ్ల పిల్ల నన్ను అడిగింది. “అన్నా, ఇండ్ల యుద్ధం ఏది?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

యుద్ధం నుంచి వచ్చే ఉత్తరాల్లో యుద్ధం ఎందుకుండదో చెప్పడానికి ఒక కారణం అందరికీ తెలిసిందే. రాయనివ్వరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్లిన మన దేశపు సిపాయీల ఉత్తరాలను ఇంగ్లీషు అధికారులు తెరిపించి, చదివించి, అనువాదాలు చేయించి నివేదికలు రాశారు. ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. సిపాయీలు కూడా తెలివైనవాళ్లే. మన సైనికులను నల్ల మిరియాలనీ, తెల్ల సైనికులను ఎర్ర మిర్చి అనీ రాసి, ఏ సరుకు ఎంత ఖర్చవుతున్నదో ఇంటికి కబురు చేశారు. చదివిన అధికారులకు అది అర్థమైపోయింది, అది వేరే సంగతి.

కానీ నా ఆలోచన ప్రకారం అసలు కారణం అది కాదు. ఏ అధికారీ తెరవకపోయినా ఆ మనిషి బర్రె సంగతే అడిగేవాడు. ఆ కాగితం రాసే పది నిమిషాలు ఆయన తన పొలం గట్టు మీద ఉన్నాడు. అక్కడికి యుద్ధాన్ని వెంట తెచ్చుకోవడం ఆయనకిష్టం లేదు.

మరి ఆ పిల్లకు యుద్ధం ఎవరు చెప్పాలి? మా విషయంలో ఒక తపాలా బిళ్ల చెప్పింది. ఆ సంవత్సరం నవంబరు నుంచి మామూలు ఉత్తరాలకు 5 పైసల బిళ్ల అదనంగా అంటించాల్సి వచ్చింది. శరణార్థుల సహాయం కోసం. మా నాయినకు వచ్చిన కవరు మీది ఆ బిళ్లను ఊడదీసి బడికి తీసుకుపోయి మా సారుకు చూపించాను. ఆయన నల్లబల్ల మీద పటం గీసి, తూర్పు పాకిస్తాన్ ఎక్కడుందో, అక్కడి జనం ఓట్లు వేసి గెలిపించినవాళ్లకు రాజ్యం ఇయ్యకుండా వాళ్ల మీదకే సైన్యాన్ని ఎట్లా తోలారో, సుమారు కోటిమంది ఇళ్లు విడిచి మన దేశంలోకి ఎట్లా వచ్చారో చెప్పారు. కోటి అంటే మాకు తెలియలేదు. “మన ఊరంత ఊళ్లు ఐదు వేలు ఖాళీ అయినయనుకోండి,” అన్నారు. ఆ సాయంత్రం నేనా పిల్లకు అదే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “ఆళ్ల బర్రెలెట్ల మరి?” అన్నది. ఇళ్లు విడిచి నడిచిపోయేవాళ్ల వెనక కొట్టంలో కట్టేసి ఉండిపోయే పశువు ఆమెకు కనపడింది. నాకు కనపడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజుల్లో, హనుమకొండలో మా మనవడు టీవీ ముందర నుంచి పరుగెత్తుకొచ్చి “తాతా, మనమే గెలుస్తున్నమా?” అని అడిగాడు. ఆ రోజుల్లో టీవీల్లో ఎంత మోత ఉండేదో మీకూ గుర్తుండే ఉంటుంది. సైరన్ మోతను కార్యక్రమాల్లో వాడవద్దని కేంద్ర ప్రభుత్వం చానళ్లకు చెప్పాల్సి వచ్చింది. వాడి ప్రశ్న తప్పు కాదు. వాడికి అందిన యుద్ధం అది. మా వాడకట్టు పిల్లకు ఒక కాగితం ముక్కలో యుద్ధం దొరకలేదు. మా వాడికి నాలుగు గోడల నిండా యుద్ధమే దొరికింది. ఇద్దరికీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

ఒక సైనికుడు తన బిడ్డకు యుద్ధం గురించి ఏం చెప్పాలనుకున్నాడో మన తెలుగు నేల మీదనే ఒక ఉత్తరం సాక్ష్యం చెబుతుంది. మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాదువాడు. మూలాలు ఒడిశాలో ఉన్నా పుట్టింది హైదరాబాదులోనే, 1969 జూన్ 21న. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరయ్యారు. పద్మపాణి రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో ఒక కంపెనీకి నాయకుడు. 1999లో కార్గిల్ యుద్ధానికి వెళ్లేనాటికి భార్య కడుపుతో ఉంది.

కార్గిల్ యుద్ధం సంగతి పిల్లలకు చెప్పాలంటే ఇట్లా చెప్పొచ్చు. ద్రాస్, కార్గిల్ కొండలు పదహారు వేల అడుగుల పైన ఉంటాయి. చలికాలం మనిషి నిలవడం కష్టం కాబట్టి ఆ శిఖరాల మీది కాపలా స్థావరాలను మంచు పడేముందు ఖాళీ చేసి, మంచు కరిగాక మళ్లీ ఎక్కేవారు. ఆ చలికాలం పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి ఖాళీగా ఉన్న శిఖరాల మీద కూర్చున్నారు. కింద శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు వాళ్ల ఫిరంగులకు అందుతుంది. ఆ రోడ్డు తెగితే లడఖ్‌కు బియ్యం పోదు, కిరసనాయిలు పోదు, సైన్యం పోదు. పైన ఉన్నవాడు రాయి దొర్లించినా కింద ఉన్నవాడు చస్తాడు. మనవాళ్లు కింద నుంచి ఎక్కాల్సి వచ్చింది, చీకట్లో, చేతులతో రాళ్లు పట్టుకుంటూ. జూలై 26న యుద్ధం ముగిసేసరికి మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు.

పద్మపాణి జూన్ 19న తండ్రికి ఉత్తరం రాశాడు. ప్రాణనష్టం గురించి దిగులు పడొద్దన్నాడు. అది ఈ వృత్తిలో ఉన్నదే అన్నాడు. యుద్ధంలో నిలబడే అవకాశం జీవితంలో దొరికే గౌరవం అని రాశాడు. ఆ తర్వాత ఒక మాట రాశాడు. నా భార్యకు రోజుకొక కథ మహాభారతం నుంచి చెప్పండి, మీ మనవడికో మనవరాలికో మంచి గుణాలు అబ్బుతాయి అని. రెండు రోజులకు ముప్పై ఏళ్లు నిండాయి. ఇంకో వారానికి, జూన్ 28న, తోలోలింగ్ దగ్గరి లోన్ హిల్ మీద శత్రువు మరతుపాకులకు ఎదురు నడిచి, దెబ్బలు తగిలి కదలలేని స్థితిలో తనను అక్కడే వదిలి ముందుకు పొమ్మని తన మనుషులకు చెప్పి, ఆ కొండ చేజిక్కాక కన్నుమూశాడు. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. కొన్ని నెలలకు ఆడపిల్ల పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టారు. ఆ అమ్మాయి పెద్దయి తను చూడని తండ్రి మీద ఒక పుస్తకం రాసింది.

ఈ ఉత్తరం గురించి చాలామంది మాట్లాడారు. వీరుడి ధైర్యం గురించి మాట్లాడారు, మాట్లాడాల్సిందే. నన్ను పట్టి ఆపేది మాత్రం ఆ భారతం మాట. పుట్టబోయే బిడ్డకు ఆయన కార్గిల్ సంగతి చెప్పమనలేదు. పాకిస్తాన్ సంగతి చెప్పమనలేదు. తన సంగతి కూడా చెప్పమనలేదు. రోజుకొక భారత కథ చెప్పమన్నాడు.

భారతం ఎవరికి చెప్పిన కథో ఒకసారి గుర్తు చేసుకోండి. పద్మవ్యూహంలో అభిమన్యుడు చనిపోయేనాటికి ఉత్తర కడుపుతో ఉంది. మా ఊళ్లో చిందువాళ్లు ఆ ఆట ఆడిన రాత్రి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడవడం చూశాను. ఆ కడుపులో ఉన్న బిడ్డను కూడా యుద్ధం వదల్లేదు. పాండవుల వంశం నిలవొద్దని అశ్వత్థామ గర్భం మీదకే అస్త్రం వేశాడు. కృష్ణుడు కాపాడితే బతికినవాడు పరీక్షిత్తు. తండ్రి ముఖం చూడనివాడు. ఆ పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు. “మా ముత్తాతలు అన్నదమ్ములై ఉండి ఎందుకు కొట్టుకు చచ్చారు?” అని అడిగినవాడు ఆయనే. ఆయన అడిగితే వైశంపాయనుడు చెప్పిందే భారతం. అంటే మన ఇళ్లలో వందల ఏళ్లుగా నన్నయ, తిక్కన, ఎర్రనల తెలుగులో చదువుకుంటున్న ఆ మహాగ్రంథం మొత్తం, యుద్ధంలో చచ్చిపోయిన ఒక యువకుడి మనవడికి పెద్దలు ఇచ్చిన జవాబు.

అడిగినవాడు ఏ స్థితిలో ఉండి విన్నాడో కూడా చూడండి. తండ్రిని పాము కరిచి చంపిందని లోకంలో ఉన్న పాములన్నిటినీ అగ్నిలో వేయడానికి యాగం పెట్టుకుని కూర్చున్నాడు. పగ తీర్చుకుంటున్నవాడికి పద్దెనిమిది పర్వాల కథ చెప్పారు. ఆ కథలో ధర్మం మనవాళ్ల వైపే ఉంది. అయినా ద్రోణుడి చావు కోసం ధర్మరాజు నోట ఏ మాట వచ్చిందో దాచలేదు. రథచక్రం దిగబడిన కర్ణుడిని ఎట్లా కొట్టారో దాచలేదు. గెలిచిన తర్వాత గాంధారి ఆ రణభూమిలో ఒక్కో శవం దగ్గర ఆగి ఏడ్చిన సంగతి ఒక పర్వమంతా చెప్పారు. గెలిచినవాళ్ల వంశంలో పుట్టిన పిల్లవాడికి ఓడినవాళ్ల తల్లి ఏడుపు వినిపించారు. పిల్లలకు యుద్ధం చెప్పడంలో ఇంత నిజాయితీగా ఉన్న గ్రంథం ఇంకొకటి నాకు తెలియదు.

ఆ పరీక్షిత్తుకు కూడా ఒక కథ దక్కింది. ఏడు రోజుల్లో చావు తప్పదని తెలిశాక శుకుడు ఆయనకు చెప్పిందే భాగవతం. దాన్ని తెలుగు చేసిన పోతన మన బమ్మెర మనిషి. బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో పడింది గానీ మొన్నటిదాకా వరంగల్ జిల్లానే. తండ్రిని చూడని బిడ్డకు చెప్పిన కథను మన పక్క ఊరి రైతుకవి మన భాషలో పెట్టి పోయాడు. అందులో మొదటి స్కంధంలోనే ఒక ఘట్టం ఉంది. నిద్రపోతున్న ఐదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందర పడేస్తాడు. కన్నీళ్లు ఇంకని ఆ తల్లి వాణ్ణి వదిలిపెట్టమంటుంది. నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి ఏడవొద్దు అంటుంది.

ఇది పురాణం కదా, తుపాకుల కాలంలో ఎక్కడుంది అంటారా? అదే కార్గిల్‌లో ఉంది. టైగర్ హిల్ మీద పాకిస్తాన్ తరఫున కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ అనే యువకుడు చివరిదాకా పోరాడి చనిపోయాడు. ఆయన పేరే కర్నల్, హోదా కెప్టెన్. అక్కడ మన దాడిని నడిపించిన బ్రిగేడియర్ బాజ్వా ఆ శవాన్ని కిందికి తెప్పించి, ఇతడు చాలా ధైర్యంగా పోరాడాడు, ఇతనికి దక్కాల్సిన గౌరవం దక్కాలి అని ఒక చీటీ రాసి జేబులో పెట్టి పంపాడు. పాకిస్తాన్ ఆయనకు తమ దేశపు అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్ ఎ హైదర్ ఇచ్చింది. ఆ కొండ ఎక్కుతూ ఎంతమంది మనవాళ్లు పోయారో బాజ్వాకు తెలియదా? తెలిసే రాశాడు. నా మనవడికి కార్గిల్ కథ చెప్పిన రోజు ఈ చీటీ సంగతి చెప్పకుండా ముగించలేదు.

పద్మపాణి పోయిన ఆ రాత్రే, అదే బెటాలియన్‌లో, పక్క శిఖరం మీద పోయినవాడు కెప్టెన్ విజయంత్ థాపర్. 22 ఏళ్లు. తిరిగి రాకపోతే ఇంటికి పంపమని ఒక ఉత్తరం రాసి పెట్టి ఎక్కాడు. ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. కానీ కుప్వారాలో డ్యూటీ చేసినప్పుడు ఒక చిన్న పిల్ల పరిచయమైంది. కళ్ల ముందే తండ్రిని తీవ్రవాదులు చంపితే మాట పడిపోయిన పిల్ల. ఆమెతో మాట్లాడించడానికి రోజూ మిఠాయి తీసుకుపోయేవాడట. చివరి ఉత్తరంలో అమ్మానాన్నలను అడిగిన పనుల్లో ఒకటి, ఆ పిల్లకు నెలనెలా 50 రూపాయలు ఇవ్వడం మానొద్దని. అంత చావు ముందర నిలబడి 50 రూపాయల లెక్క గుర్తు పెట్టుకున్నాడు. మా చిన్నమ్మ పెనిమిటి బర్రె సంగతి అడిగినట్టే. ఆ ఉత్తరాల్లో యుద్ధం లేదని నేను చిన్నప్పుడు అనుకున్నాను. వాళ్లు దేన్ని కాపాడటానికి అక్కడున్నారో అదే రాశారని ఇప్పుడు అనిపిస్తుంది.

ఉత్తరాల కాలం పోయింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు మన పక్క సూర్యాపేట బిడ్డ. ఆయనకూ అప్పుడు ఇద్దరు చిన్న పిల్లలు. ఇప్పటి సైనికులు ఫోనులో మాట్లాడతారు. ముఖం కనపడుతుంది, గొంతు వినపడుతుంది, ఉత్తరం కంటే అది వెయ్యి రెట్లు మేలే. కానీ ఫోను పెట్టేశాక చేతిలో ఏమీ మిగలదు. మన జిల్లాల్లో ఎంతోమంది సైన్యంలో ఉన్నారు. వాళ్లు ఈ మాట వింటుంటే నా మనవి ఒక్కటే. ఏడాదికొకసారైనా మీ పిల్లలకు కాగితం మీద రాయండి. యుద్ధం గురించి రాయనక్కరలేదు. మీ రాత వాళ్ల దగ్గర ఉండాలి.

మా చిన్నమ్మ పెనిమిటి క్షేమంగా తిరిగొచ్చాడు. తూర్పు పాకిస్తాన్‌లో లొంగిపోయిన యుద్ధఖైదీలు సుమారు 93 వేల మందిని మన దేశంలో శిబిరాల్లో ఉంచారు కదా, ఆయనకు అలాంటి ఒక శిబిరంలో కాపలా డ్యూటీ పడింది. 1972 ఎండాకాలం లీవు మీద వచ్చినప్పుడు, రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు, బిడ్డ మళ్లీ అడిగింది. “బాపూ, యుద్ధం గురించి ఎందుకు రాయలె?”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత శిబిరం సంగతి చెప్పాడు. జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీలకు ఇంటికి ఉత్తరాలు రాసుకునే హక్కు ఉంటుంది, నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు. ఒక ఖైదీ రాసింది ఉర్దూలో. అక్కడి కాపలావాళ్లలో ఆ రాత చదవగలిగినవాడు ఈయనొక్కడే. ఆ ఖైదీ తన కార్డును ఈయనకు చూపించి, పంపనిస్తారా, ఇందులో తప్పు మాటలేమైనా ఉన్నాయా అని అడిగాడట.

“ఏం రాసిండు బాపూ?”

“తను మంచిగున్ననని రాసిండు. తల్లి కాళ్ల నొప్పుల సంగతి అడిగిండు. తను ఇంటికాడ ఉన్నప్పుడు ఒక మేక తప్పిపోయిందట, అది దొరికిందా అని బిడ్డను అడిగిండు.”

“దొరికిందట్నా?”

“ఏమో బిడ్డా. జవాబు రాకముందే నాకు లీవు దొరికింది.”

ఆమె లేచి కూర్చుంది. మళ్లీ పోయినప్పుడు కనుక్కొని రాయమని బాపుతో చేతిలో చెయ్యి వేయించుకున్నాకనే పడుకుంది.